ఇబ్లా ఎవరిది?

సిసిలీ ద్వీపమున ఆగ్నేయభాగమందు రగూసా యను పట్టణము కలదు. అందలి పాతభాగమునకు ఇబ్లా యని పేరు. ఇరుప్రక్కల లోతైన లోయలు, నడుమ ఏనుగువీపువలె లేచిన గుట్ట, ఆ గుట్టనంటుకొని మెట్టుమెట్టుగా ఇండ్లు, ఇండ్లపైన చర్చిల శిఖరములు - ఇదియే ఇబ్లా. దేశదేశములనుండి యాత్రికులు వచ్చి, అచ్చటి దేవాలయముల ముఖద్వారములను, మేడల బాల్కనీలను, వంకరసందులను చూచి మెచ్చుకొని పోవుచున్నారు. మెచ్చుకొనుటలో తప్పులేదు, మెచ్చుకొనదగిన యూరే. కాని ఆ మెప్పును వెంబడించి మూడు మాటలు లోకమున చెలామణి యగుచున్నవి. 1693లో వచ్చిన భూకంపము ఆ యూరికి వరమైనదట! అచ్చటి సౌందర్యము ప్రభువుల దానమట! ఇక దానిని చెక్కుచెదరకుండ అద్దాలపెట్టెలోని బొమ్మవలె దాచియుంచుటయే నాగరకతయట! ఈ మూడు మాటలును తప్పని మా వాదము. మూడింటికిని మూలమొక్కటే: ఊరనగా రాళ్లేకాని మనుష్యులు కారను భ్రమ.

ఎక్కడి సిసిలీ, ఎక్కడి మనము, ఆ గుట్టమీది యూరి గొడవ మనకేల యని చదువరులలో కొందరడుగవచ్చును. దూరపుకొండలు నునుపు. ఊళ్లను ప్రభువులే కట్టుదురనియు, ప్రజలు వానిలో అద్దెకుండువారు మాత్రమేననియు తలచు అలవాటు ఒక్క దేశమునకు పరిమితమైనది కాదు. యబద్ధము ఎచ్చట పుట్టినను యబద్ధమే. ఒకచోట అది నిలువున కూలినయెడల మరియొకచోట దాని కాళ్లు వణకును. కావున ఇబ్లా చరిత్రనే సాక్షిగా బోనెక్కించి, ఒక్కొక్క మాటను విచారింతము.

ముందుగా ఆ గుట్ట వయస్సు తెలిసికొనవలెను. సిసిలీకి ఆ పేరు తెచ్చిన సికెలులను ప్రాచీనజాతి ఈ కొండలలో నివసించినది. ప్రాచీనులు హిబ్లా హెరాయియా యని పేర్కొనిన సికెలుల పట్టణమిదియేయని పండితులలో పెక్కురి యభిప్రాయము. క్రీ.పూ. 6వ శతాబ్ది ఆరంభమున సిరక్యూసునందలి గ్రీకులు దక్షిణతీరమున కమరీనా యను వలసనగరమును స్థాపించిరి. తీరము గ్రీకులదైనది, కొండ సికెలులదిగనే యుండెను. పిమ్మట రోమనులు వచ్చిరి. వారి పిమ్మట బైజాంటియము చక్రవర్తుల సైనికులు గుట్టమీద కోట కట్టుకొనిరి. క్రీ.శ. 848లో అరబ్బులు దానిని పట్టుకొనిరి. 11వ శతాబ్ది చివర నార్మనులు అరబ్బులను గెలిచి, రగూసాను ఒక కౌంటునకు జాగీరుగా నిచ్చిరి. 1296లో రగూసా, మోదికా జాగీరులు రెండును ఏకమై క్యారమోంతే వంశీయుల చేతిలో పడినవి. 1392లో ఆ వంశపు ఆంద్రేయా క్యారమోంతే తల పాలెర్మోలో తెగినది. జాగీరు స్పెయిన్ దేశమునుండి వచ్చిన బెర్నార్డో కబ్రేరాకు దక్కినది. కబ్రేరాలనుండి అది ఎన్రీకెజ్ వంశమునకు సంక్రమించినది.

ఈ పట్టికను చూచి చదువరులు విసుగుచెందరాదు. ఇందు ఒక న్యాయము దాగియున్నది. వచ్చిన ప్రతివాడును ఈ గుట్టను తనదేయనెను. పోవునప్పుడు ఒక్కడును దానిని మోసికొని పోలేదు. కొండలలో సికెలులు తొలిచిన రాతిసమాధులను తరువాతివారు కొట్లుగాను గృహములుగాను వాడుకొనిరి. ఒకరి గోడ మరియొకరికి పునాది యయ్యెను. ఒకరి దేవాలయపురాయి మరియొకరి గడప యయ్యెను. ఈ పొరలలో ఏ పొరను వేరుచేసి, ఇదియే అసలైన ఇబ్లా యని చూపగలము? సికెలుల పొరయా? అరబ్బుల పొరయా? స్పెయినువారి పొరయా? పొరలన్నిటిక్రిందను మారక నిలిచినది ఒక్కటే కలదు. కొండచరియను దున్ని, రాయిని కోసి, లోయనుండి నీరు మోసి, ఆ గుట్టమీద పొయ్యి ఆరకుండ కాపాడుకొనిన సామాన్యజనము. ఏలికల పేర్లు చరిత్రగ్రంథములకెక్కినవి. ఏలబడినవారి పేర్లు పొలము గట్లకెక్కినవి.

ఇక మొదటిమాట. భూకంపము వరమైనదట! 1693 జనవరి 9వ తేదీ రాత్రి భూమి కదలినది. జనులు భయపడిరి, గోడలు బీటలువారినవి. రెండునాళ్లు గడచినవి. 11వ తేదీ మధ్యాహ్నమున భూమి మరల కదలినది. ఈసారి ఆగ్నేయ సిసిలీయంతయు నేలమట్టమైనది. కతానియా, నోటో, మోదికా, రగూసా మున్నగు పట్టణములు నిమిషములలో శవాగారములైనవి. మొత్తము సుమారు 60,000 మంది మరణించిరని అంచనా. ఒక్క రగూసాలోనే చచ్చినవారు ఇంచుమించు 5,000. అనగా ఊరిజనములో దాదాపు సగము. ఒక యింట నలుగురుండిన ఇద్దరు పోయిరన్నమాట. మిగిలిన యిద్దరు నడిచలికాలమున ఆకాశముక్రింద కూర్చుండి తమవారిని రాళ్లలో వెదకికొనిరి.

దీనిని వరమనుచున్నారు! ఆ భూకంపము రానియెడల బరోక్ శిల్పముతో నిండిన ఈ సుందరనగరములు లోకమునకు లభించియుండెడివి కావట! ఇల్లు కాలి యొకడేడ్చుచుండ చుట్టకు నిప్పడిగినవాని కథ మనమెరుగుదుము. ఈ రసికులు ఆ నిప్పడిగినవానిని మించిరి. వాడు నిప్పుమాత్రమే అడిగెను, ఇల్లు కాలుట మేలైనదని యనలేదు.

వారి వాదము దయకే కాదు, తర్కమునకును నిలువదు. భూకంపమే నగరములను కట్టునదైన యెడల, అది తాకిన ప్రతిచోటను నగరము లేచియుండవలెను. అల్వేరియా కొండమీదికి పోయి చూడుడు. ప్రాచీనమైన నోటో పట్టణము అచ్చటనే యుండెడిది. ఆ భూకంపమే దానినికూడ తాకినది. నేడు అచ్చట కోటగోడలు, కూలిన ద్వారములు, ముండ్లపొదలు మాత్రమే కలవు. ఓక్యోలా యను ఊరిని తాకినది, అదియు శిథిలమైయున్నది. ఏలననగా జనులు ఆ స్థలములను విడిచి క్రొత్తయూళ్లు కట్టుకొనిరి. భూకంపమునకు చేతనైనది శిథిలము మాత్రమే. శిథిలమునకును నగరమునకును నడుమ నున్నది మనుష్యుని చేయి. ఆ చేతిని మరచి భూకంపమునకు దండము పెట్టువాడు, వైద్యుని మరచి రోగమునకు దక్షిణ యిచ్చువాడు.

రెండవమాట మరింత బలముగా నాటుకొనినది. ఇది ప్రభువుల దానమట! ఏ ప్రభువు? సిసిలీని నాడు ఏలినది స్పెయిన్ రాజగు రెండవ చార్లెసు. ఆయన ఈ దీవిని కంట చూడలేదు. పాలెర్మోనందుండిన రాజప్రతినిధి, కమాస్త్రా డ్యూకగు జుసెప్పే లాన్జాను సర్వాధికారములతో ఈ సీమకు పంపెను. ఆయన దక్షుడనుటకు మాకు సందేహము లేదు. శవములను తొలగింపించెను, దొంగలను అణచెను, కతానియాకును నోటోకును క్రొత్త వీధులకు గీతలు గీయించెను. అతని పాలు అతనికి చెందవలసినదే. కాని గీత గీయుట వేరు, గోడ కట్టుట వేరు. ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని మనవారు ఊరకనన్నారా? కట్టుటలోని కష్టము కట్టినవానికే తెలియును. గీత గీసినవానికి సిరా ఖర్చు మాత్రమే తెలియును.

ఇక రగూసాకు స్వయముగా ప్రభువైన మోదికా కౌంటు ఎచ్చటనుండెను? ఎన్రీకెజ్ వంశీయులు కాస్టిల్ నౌకాధిపతులు. వారి కాపురము స్పెయిన్ దేశపు రాజాస్థానమున. మోదికా జాగీరువలన వచ్చు శిస్తు సముద్రము దాటి వారిని చేరుచుండెను. ఇంతలో సిసిలీకి ఏలికలే మారిరి. 1713లో స్పెయినునుండి సవాయ్ వంశమునకు, 1720లో ఆస్ట్రియా చక్రవర్తికి, 1734లో బూర్బన్ వంశమునకు ఈ దీవి చేతులు మారినది. భూకంపము వచ్చిన నాటినుండి నలువదియొక సంవత్సరములలో నాలుగు సింహాసనములు! సంధిపత్రములలో దీవులను పశువులవలె ఇచ్చిపుచ్చుకొనిన కాలమది. ఈ నాలుగు ప్రభుత్వముల క్రిందను రాతిపనివారు పని మానలేదు. ఉదయమున లేచి గనికి పోయిరి, సున్నము కాల్చిరి, రాయి చెక్కిరి. వారికి జెండా మారినదేకాని సుత్తి మారలేదు. ఇట్టి యూరిని ఏ రాజు దానము చేసెనో చెప్పుడు. సొమ్మొకడిది, సోకొకడిది!

అట్లయిన ద్రవ్యమెక్కడిది? ఇచ్చట న్యాయశాస్త్రమును కొంచెము ముట్టవలసియున్నది. సిసిలీలోని పెక్కుభాగములలో భూమి యంతయు కొద్దిమంది జమీందారుల చేతులలోనుండి, వేలకొలది ఎకరముల బీళ్లుగా, కూలీల కన్నీళ్లతో తడిసినది. కాని 15వ శతాబ్ది నడుమనుండి మోదికా కౌంటులు తమ భూములను చిన్న చిన్న కమతములుగా విభజించి రైతులకు శాశ్వతపు కౌలుకిచ్చిరి. రోమను న్యాయమున దీనిని ఎంఫిట్యూసిస్ అందురు. నిర్ణయమైన శిస్తు ఏటేట చెల్లించుచున్నంతకాలము రైతును తొలగింపరాదు. హక్కు బిడ్డలకు సంక్రమించును. భూమిని బాగుచేయుట రైతు విధి. కౌంటులు ఇది ప్రేమచే చేయలేదు, తమ బొక్కసము నిండుటకే చేసిరి. అయినను ఫలితము వారి యూహను దాటిపోయినది. తన బిడ్డకు దక్కునని తెలిసిన భూమిలో రైతు రాళ్లేరెను. ఏరిన రాళ్లను సున్నమైనను లేకుండ పేర్చి పొలముచుట్టు గోడ కట్టెను. నేటికిని రగూసా పరిసరములలో కనుచూపుమేర సాగు ఆ గోడల వల కలదు. ఇబ్లాలోని మేడలను చూచువారు ముందుగా ఆ గోడలను చూడవలెను. మేడలకు తల్లి ఆ గోడయే.

ఈ శాశ్వతపు కౌలునుండి ఒక క్రొత్త తరగతి పుట్టినది. వారిని అచ్చట మస్సారీలందురు. మన వాడుకలో మోతుబరి రైతులు. చేతిలో ధాన్యము, పెట్టెలో నాణెము, మెడలో వంగని యెముక గలవారు. పాతకుటుంబముల ప్రభువులు సెయింట్ జార్జి దేవాలయమును, అనగా సాన్ జోర్జోను, కొలిచెడివారు. మోతుబరులు సెయింట్ జాన్ దేవాలయమును, అనగా సాన్ జొవాన్నిని, కొలిచెడివారు. ఒకే గుట్టమీద ఇద్దరు పుణ్యపురుషులు, రెండు పేటలు, రెండు గర్వములు. భూకంపమునకు ముందే ఈ స్పర్ధ యుండెను. భూకంపము వచ్చి దానికి స్థలమును చూపినది.

ఊరు కూలిన పిమ్మట ప్రశ్న పుట్టినది: ఉందుమా, పోదుమా? పాతవారు ఉందుమనిరి. తాతల యెముకలున్న నేల, వంకరసందులైనను తమ సందులు, వానిని విడువమనిరి. మోతుబరులు పోదుమనిరి. లోయకు ఆవల, పడమటివైపున, పాత్రో యను ఎత్తైన మైదానము కలదు. అచ్చట తిన్నని వీధులు వేసి క్రొత్తయూరు కట్టుదుమనిరి. వాదించుకొనిరి, తిట్టుకొనిరి, తుదకు ఇరువురును తమ మాటయే నిలుపుకొనిరి. ఒకరు పాతగుట్టమీదనే ఇబ్లాను లేపిరి. మరియొకరు మైదానముమీద పైరగూసాను లేపి సాన్ జొవాన్నికి గొప్ప దేవాలయమును కట్టిరి. ఒక భూకంపమునుండి రెండు నగరములు పుట్టినవి.

నోటోలో నేమి జరిగినది? అధికారులు కొండను విడిచి తీరమువైపు క్రొత్తస్థలమును నిర్ణయించిరి. ఆ స్థలమును గూర్చి జనులలో ఏండ్లతరబడి వివాదము నడచినది. తుదకు క్రొత్త నోటో లేచినది. అందమైనదే, తిన్నని వీధులతో, తేనెవన్నె రాతితో. దాని యందమును మేము కాదనము. మేమడుగునది వేరు. ఆపద వచ్చిన వెంటనే, "ఈ స్థలము పనికిరాదు, పొమ్ము" అని పైనుండి ఆజ్ఞ వేయుటయే వివేకమనియు, ఉందుమను ప్రజలు మూర్ఖులనియు చెప్పు పెద్దలు, ఇబ్లాను చూచి ఏమి సమాధానము చెప్పుదురు? మూర్ఖులు కట్టిన యూరిని చూచుటకేనా లోకమంతయు పరుగెత్తుచున్నది? పోవలెనో ఉండవలెనో నిర్ణయించు హక్కు గోడ కూలినవానిది. సలహా చెప్పుట పెద్దల ధర్మము; తోలివేయుట కాదు.

ఇట్లు ఉందుమనినవారు ఏమి చేసిరో చూడుడు. వారు పాతదానిని అచ్చుగ్రుద్దినట్లు మరల కట్టలేదు. సెయింట్ జార్జి పాత దేవాలయము గుట్ట తూర్పుకొననుండెడిది. దానిలో మిగిలినది ఒక ద్వారము. జార్జి భూతసర్పమును సంహరించుచున్న శిల్పము దానిపై నేటికిని కలదు. ఆ ద్వారము నట్లే యుంచి, క్రొత్త దేవాలయమును ఊరినడుమకు తెచ్చిరి. రోసారియో గాల్యార్ది యను శిల్పాచార్యుడు దానికి నమూనా గీసెను. 1739లో పని మొదలై 1775 వరకు సాగినది. అనగా పునాది వేసినవాని కొడుకు శిఖరమునెక్కెను. 54 మెట్ల పైన, మూడంతస్తుల ముఖద్వారము, ముందుకు పొంగిన యెదవలె నిలిచియున్నది. దానిని చౌకునకు సరిగా ఎదురుగా పెట్టక కొంచెము ప్రక్కకు త్రిప్పిరి. అందుచే క్రిందనుండి చూచువానికి ముఖద్వారముతోపాటు వెనుకనున్న గుమ్మటమును కనబడును. ఆ గుమ్మటము 1820లోగాని పూర్తికాలేదు. భూకంపమునకు అది 127 ఏండ్ల తరువాత! ఊరిని లేపుట యనగా ఇది. ఒక యుత్తరువు కాదు, ఒక ప్రారంభోత్సవము కాదు. నాలుగైదు తరముల ఓర్పు.

లోయదారిలో శాంతా మరియా దెల్లే స్కాలే, అనగా మెట్లమీది మేరీమాత, యను దేవాలయము కలదు. భూకంపములో అది సగము పడినది. మరల కట్టునప్పుడు, నిలిచిన ప్రక్కనడవను పడగొట్టక, దాని పాతకమానులను అట్లేయుంచి, తక్కినభాగమును క్రొత్తరీతిని కట్టిరి. ఒకే కప్పుక్రింద భూకంపమునకు పూర్వము ఒకప్రక్క, తరువాత ఒకప్రక్క. ఆ సామాన్యుల ఔచిత్యమును గూర్చి మేమింతకంటె చెప్పనక్కరలేదు.

బరోక్ రీతి రాజులయాడంబరమునకు పుట్టినదని కొందరందురు. రోమునగరమున అది అట్లే పుట్టియుండవచ్చును. కాని ఇబ్లాలో కోసెంటీనీ వారి మేడక్రింద నిలిచి బాల్కనీలను మోయు వికృతముఖములను చూడుడు. ఆ ముఖములు చక్రవర్తులవి కావు, దేవదూతలవి కావు. సంతలో కనబడు ముఖములవలె వంకరముక్కులు, ఉబ్బినబుగ్గలు, వెక్కిరింపులు. దొర బాల్కనీలో నిలిచి ఊరేగింపు చూచుచుండ, వాని పాదములక్రిందనుండి రాతిపనివాడు నవ్వుచున్నాడు. పరదేశపు రీతిని తెచ్చుకొని తమ నవ్వును దానికి నేర్పిన జనమది. శిల్పరీతి ఎవరిదియని అడుగకుడు. అది ఎవరి చేతిలో మాటాడినదని అడుగుడు.

న్యాయవాదికి ఎదుటిపక్షము మాటయు వినుట ధర్మము. ఈ రెండుపేటల వైరమును మేము బంగారుపూతతో చూపదలచలేదు. అందు పౌరుషమెంత కలదో అసూయయు అంత కలదు. ప్రభువు తన వంశమునకు, మోతుబరి తన పెట్టెకు కట్టుకొనిరి. భూమిలేని దినకూలీ ఇరువురి చర్చిలకును రాళ్లు మోసెను. ఇరువురి లెక్కలలోను వాడు ఒక పద్దు మాత్రమే. ఆ వైరము తరతరములకు ముదిరి, 1865లో రెండు భాగములును రెండు వేరు పురపాలక సంఘములుగా చీలిపోయినవి. 61 సంవత్సరములు ఒకే లోయకు ఇరువైపులనుండి ఒకరినొకరు చూచుకొనుచు వేరుగానుండిరి. 1926లో ముస్సోలినీ ప్రభుత్వకాలమున అవి మరల ఏకమైనవి; మరుసటియేడు రగూసా ఒక మండలమునకు ముఖ్యపట్టణమైనది. తమ జగడమును తాము తీర్చుకొనని జనులకు నియంత వచ్చి తీర్పు చెప్పును. ఈ పాఠము ఇబ్లా నేర్పు పాఠములన్నిటిలో చేదైనది, కావుననే మ్రింగదగినది.

అయినను ఆ యూరి వెన్నెముక విరుగలేదు. 1945 జనవరిలో ప్రభుత్వము యువకులను మరల సైన్యమునకు బలవంతముగా తోలుకొనిపోవుటకు లారీలను పంపినది. యుద్ధముచే అలసిన రగూసా జనులు "పోము" అనిరి. 4వ తేదీన మరియా ఓక్కిపింతీ యను పేదస్త్రీ, ఐదునెలల గర్భవతి, సైనికుల లారీకి అడ్డముగా నేలమీద పండుకొనెను. తిరుగుబాటు కొద్దిదినములలో అణచబడినది. ఆమె ద్వీపాంతరమునకును చెరసాలకును పంపబడినది. కాని 1693లో "ఉందుము" అనిన నోటికిని, 1945లో "పోము" అనిన నోటికిని చుట్టరికము లేదని ఎవరనగలరు?

ఇక మూడవమాట, నేటిమాట. ఊరిని బొమ్మగా దాచవలెనట! గడచిన శతాబ్దిలో ఇబ్లానుండి జనులు క్రమముగా పైయూరికి తరలిపోయిరి. మెట్లదారులు, ఇరుకుగదులు, పనులు దొరకమి వారిని తరిమినవి. ఇండ్లు తాళములు పడినవి, కప్పులు కూలినవి. భూకంపము చేయలేని పనిని ఉపేక్ష చేయసాగినది. అప్పుడు సిసిలీ ప్రాంతీయ శాసనసభ 1981లో 61వ సంఖ్యగల శాసనమును చేసినది. ఇబ్లాను, రగూసాలోని మరికొన్ని పాతపేటలను బాగుచేయుటకు ఉద్దేశింపబడిన ఆ శాసనముక్రింద ఇండ్లవారికి మరమ్మతులకు ద్రవ్యసహాయము లభించినది. ఇది మంచిశాసనమని మేము నిస్సంకోచముగా చెప్పుదుము. ఏలననగా అది గోడనుమాత్రమే చూడలేదు, గోడలోపలి కాపురమునుకూడ చూచినది. తరువాత 2002లో యునెస్కోవారు రగూసాను, నోటో, మోదికా, కతానియా మున్నగు మరి యేడు పట్టణములతోకలిపి ప్రపంచవారసత్వపు పట్టికలో చేర్చిరి. మన పాలంపేట రామప్పగుడి 2021లో చేరిన పట్టికయే అది.

గౌరవము వచ్చినది, గౌరవముతోపాటు గిరాకియు వచ్చినది. టెలివిజన్ నాటకములకు ఆ వీధులు రంగస్థలములైనవి. కాపురముండిన యిండ్లు కొన్ని యాత్రికుల విడిదులైనవి. నేటికిని రగూసాజనులలో అత్యధికులు పైయూరిలోనే నివసించుచున్నారు. ఇబ్లా పగలు యాత్రికులతో నిండుటయు, వారు వెడలిన పిమ్మట చల్లబడుటయు మంచి సూచన కాదు. యాత్రికుని మేము దూషింపము. అతని రూకలతో కొన్ని పొయ్యిలు వెలుగుచున్నవి. కాని అతిథి యింటివాడు కాదు. అతిథికొరకు ఇంటివానిని వీధిలోనికి పంపు మర్యాద ఏ దేశపు మర్యాద?

రాళ్లను రాళ్లు కాపాడవు. దీనికి నోటోయే సాక్షి. 1950వ దశాబ్దిలో అచ్చటి ప్రధానదేవాలయపు వాలుకప్పును తీసివేసి ఇటుకయు కాంక్రీటును కలిపిన బరువైన పలకను వేసిరి. 1990 డిసెంబరులో వచ్చిన భూకంపము స్తంభములను బలహీనపరచెను. 1996 మార్చి 13వ తేదీ రాత్రి కప్పును గుమ్మటమును ఒక్కసారిగా కూలిపడినవి. స్తంభములు లోపల తుక్కురాళ్లతో నింపబడియున్నవని అప్పుడు తేలినది. పదునొకండు సంవత్సరములు శ్రమించి, పాతరీతిని రాతితోనే మరల కట్టి 2007లో తెరచిరి. శిల్పరీతిని పొగడినవారు లక్షలమంది యుండవచ్చును. కూలిననాడు కావలసినది రాయి కోయుట తెలిసిన చేయి. ఆ చేయి అద్దాలపెట్టెలో పెరుగదు. బడియు, అంగడియు, పనియు గల యూరిలో, తండ్రి ప్రక్కన కొడుకు నిలిచి నేర్చుకొనుచోట పెరుగును.

కావున మేము కోరునది స్పష్టము. వారసత్వపు పట్టికలోనికెక్కిన యూరి క్షేమమును లెక్కించుటకు యాత్రికుల సంఖ్య చాలదు. రాత్రి దీపము వెలుగు ఇండ్లెన్ని, ఉదయమున బడికి పోవు పిల్లలెందరు, సుత్తిపట్ట నేర్చిన యువకులెందరు అని లెక్కింపుడు. మరమ్మతునకు ఇచ్చు ప్రతి రూకయు ముందు ఆ యింట కాపురముండువానికి చేరవలెను. 1981 నాటి శాసనము చూపిన త్రోవ అది. దానిని విడిచిన పాలకులు ఎంతటి సుందరాక్షరములతో ఫలకములు నాటినను, ఊరికి సమాధిరాయి నాటినవారే. ఆపద వచ్చిననాడు ప్రజలను అడుగక వారి యూరిని తరలింపకుడు. సంపద వచ్చిననాడు ప్రజలను అడుగక వారి యూరిని అమ్మకుడు. రెండును ఒకే నేరమునకు రెండు పేర్లు.

ఇబ్లా సికెలులది కాదు, అరబ్బులది కాదు, కబ్రేరాలది కాదు, స్పెయిన్ రాజుది కాదు, యాత్రికునిదియు కాదు. 1693 జనవరిలో సగముకుటుంబమును రాళ్లక్రింద పూడ్చుకొని, మరునాడు ఆ రాళ్లనే ఏరి గోడ మొదలుపెట్టినవానిది. వాని గడపమీద నేడును కాపురముండు వాని సంతతిది. ఈ దస్తావేజును ఏ రాజముద్రయు కొట్టివేయజాలదు.